ఇంటి ముంగిట్లో క్లచ్ ప్లేటు మార్చడం: చేసుకోదగ్గ పనిముట్లు, చేసుకోకూడనివి

అలిపిరి చెక్‌పోస్టు దగ్గర వరసలో బండి ఆగినప్పుడు హ్యాండ్‌బ్రేకు వెయ్యకుండా, హాఫ్ క్లచ్ మీదే నిలబెట్టి అంగుళం అంగుళం జరిపేవాళ్లు చాలామంది. ఎక్కుడు రోడ్డు మీద ఆ అలవాటుకు ముందుగా అరిగేది, ఇంజన్ తిప్పుడును గేర్‌బాక్స్‌కు అందించే క్లచ్ ప్లేటే. చిత్తూరు నుంచి పలమనేరు వెళ్లే మొగిలి ఘాట్‌లో లారీ వెనక చిక్కుకున్నా, భాకరాపేట ఘాట్‌లో నిండా మనుషులతో వెళ్లినా ఇదే కథ. ప్లేటు మార్చడంలో ప్లేటు పని అరగంట కూడా ఉండదు. గేర్‌బాక్స్ దించడం, ఎక్కించడమే అసలు శ్రమ. మాన్యువల్‌లో చెప్పే ప్రత్యేక పనిముట్లలో చాలావాటికి బదులు హార్డ్‌వేర్ అంగట్లో, పాత ఇనుము అంగట్లో దొరికేవాటితో సరిపెట్టుకోవచ్చు.

ఇక్కడ చెప్పేది ముందు చక్రాలు లాగే, కేబుల్ క్లచ్ ఉన్న చిన్న పెట్రోల్ కార్ల గురించి. పాత మారుతి 800, ఆల్టో, వ్యాగన్ఆర్ లాంటివన్నమాట. ఏఎంటీ కార్ల (క్లచ్ పెడల్ లేకుండా గేర్లు వాటంతటవే మారేవి) జోలికి వెళ్లకండి. కొత్త క్లచ్ వేశాక స్కానర్ పెట్టి దానికి మళ్లీ నేర్పించాలి, అది ఇంట్లో అయ్యే పని కాదు. ఫ్లైవీల్ అంటే ఇంజన్ చివర తిరిగే బరువైన చక్రం, క్లచ్ దానికే బిగిస్తారు. అది రెండు ముక్కలుగా ఉండే డ్యూయల్ మాస్ రకం డీజిల్ బండ్లు కూడా వదిలెయ్యండి.

ముందు జబ్బు క్లచ్‌దేనా?

బండిని చదునైన చోట నిలిపి, ముందర ఎవరూ లేకుండా చూసుకుని, హ్యాండ్‌బ్రేకు గట్టిగా లాగండి. మూడో గేరు వేసి, రవంత రేస్ ఇచ్చి క్లచ్ వదలండి. ఇంజన్ వెంటనే ఆగిపోతే ప్లేటు ఇంకా పట్టుకుంటోంది. ఆగకుండా గుర్రుమంటూ తిరుగుతూనే ఉంటే జారుతోంది. ఈ పరీక్ష ఒక్కసారి చాలు. రెండోసారి, మూడోసారి చేస్తే మిగిలిన ప్లేటు కూడా కాలిపోతుంది.

జారుతుంటే ముందు కేబుల్ చూడండి. ప్లేటు అరిగేకొద్దీ కేబుల్ ఆట తగ్గుతూ వస్తుంది. ఆట పూర్తిగా పోతే మీరు కాలు తీసినా రిలీజ్ బేరింగ్ (పెడల్ నొక్కితే ముందుకు జరిగే బేరింగ్) ప్రెజర్ ప్లేటును (క్లచ్ ప్లేటును ఫ్లైవీల్‌కు అదిమిపట్టేది) నొక్కుతూనే ఉంటుంది, బాగున్న ప్లేటు కూడా జారుతుంది. పెడల్‌ను చేత్తో నొక్కితే బరువు తగిలేలోపు ఒకటిన్నర, రెండు సెంటీమీటర్లు ఊరికే కదలాలి. కదలకపోతే కేబుల్ నట్టు సర్ది మళ్లీ నడిపి చూడండి. జారడం కాకుండా గేర్లు పడటం కష్టంగా ఉంటే, కేబుల్ పోగులు తెగాయేమో చూశాకే గేర్‌బాక్స్ మాట ఎత్తాలి.

చేసుకోకూడని పనిముట్టు

బండిని మోసేది మాత్రం ఇంట్లో తయారుచేయకూడదు. యాక్సిల్ స్టాండ్లు (ఎత్తిన బండిని మోసే ఇనుప కాళ్లు) రెండు కొనండి, లేదా తెలిసిన మెకానిక్ దగ్గర అడిగి తెచ్చుకోండి. సిమెంటు ఇటుకలు, హాలో బ్లాకులు, పేర్చిన ఎర్ర ఇటుకలు వద్దే వద్దు. అవి గోడలో బరువు మోస్తాయి గానీ, ఒక అంచు మీద బరువు పడితే ముందస్తు చప్పుడు లేకుండా పగిలిపోతాయి. బండితో వచ్చిన జాకీ టైరు మార్చడానికే. దాని మీద ఉన్న బండి కింద తల పెట్టకండి.

నేల సిమెంటుదై, చదునుగా ఉండాలి. మట్టి నేల అయితే స్టాండు కాళ్ల కింద మందపాటి ఇనుప రేకు గానీ టేకు పలక గానీ వేయండి. వెనక చక్రాలకు రెండువైపులా చెక్క దిమ్మెలు అడ్డం పెట్టండి. స్టాండ్లు పెట్టాక, విప్పిన ముందు చక్రాలను తలుపుల కింద సిల్ దగ్గర పడుకోబెట్టి ఉంచండి. స్టాండు జారినా బండి వాటి మీద ఆగుతుంది. తర్వాత బండిని పక్కనుంచి గట్టిగా ఊపి చూడండి. కదిలితే మళ్లీ మొదటినుంచి. గేర్‌బాక్స్ జాకీతో సహా కిందినుంచి బయటకు రావాలంటే ముందు భాగం నేలనుంచి ఒకటిన్నర అడుగైనా ఎత్తులో ఉండాలి. ఈ ఎత్తు సంగతి మరిచి, గేర్‌బాక్స్ విప్పాక దాన్ని బయటికి లాగలేక బండిని మళ్లీ ఎత్తడం మొదటిసారి చేసేవాళ్లందరికీ జరిగేదే.

మే నెలలో ఈ పని పెట్టుకునేవాళ్లు తెల్లారుజామునే మొదలుపెట్టాలి. పదిన్నర దాటితే ముంగిట్లో పానా చేత్తో పట్టుకోలేరు.

చేసుకోదగ్గవి

ముందురోజే ఇవి సిద్ధం చేసుకుంటే పనిరోజున అంగళ్ల చుట్టూ తిరగక్కర్లేదు.

అలైన్‌మెంట్ కడ్డీ: కొత్త ప్లేటును ఫ్లైవీల్‌కు సరిగ్గా మధ్యలో ఉంచడానికి ఇది. ప్లేటు అర మిల్లీమీటరు పక్కకు పోయినా గేర్‌బాక్స్ షాఫ్టు లోపలికి దిగనని మొండికేస్తుంది. అన్నిటికంటే మంచిది పాత ఇనుము అంగట్లో అదే మోడల్ గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్టు, అంటే క్లచ్ ప్లేటు మధ్యలో దూరే కడ్డీ. పళ్లు అరిగినదైనా ఫరవాలేదు. దొరక్కపోతే ప్లేటు రంధ్రంలో వదులుగా దూరే గుండ్రటి కర్ర గానీ ఇనుప కడ్డీ గానీ తీసుకుని ఎలక్ట్రికల్ టేపు చుట్టండి. మామూలు పీవీసీ టేపు మందం 0.13 నుంచి 0.15 మిల్లీమీటర్లు. అంటే ఒక చుట్టుకు వ్యాసం సుమారు 0.3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. కడ్డీ 12, రంధ్రం 15 మిల్లీమీటర్లయితే పది చుట్లు. చివరి చుట్టు చూసి వేయండి. కడ్డీ చివర పైలట్ బేరింగ్ (ఇన్‌పుట్ షాఫ్టు కొన ఆనే, ఇంజన్ వైపు ఉండే చిన్న బేరింగ్) రంధ్రానికి ఒక లావు, ప్లేటు పళ్ల దగ్గరికి ఇంకో లావు, ఇలా రెండుచోట్ల చుట్టాలి. రెండుచోట్లా వేలితో తోస్తే దూరాలి, ఊపితే ఆడకూడదు. బిగుతుగా చుట్టారా, ప్రెజర్ ప్లేటు బిగించాక లాగితే టేపు మాత్రం లోపలే ఉండిపోతుంది.

కొన్ని ఇంజన్లకు పైలట్ బేరింగ్ ఉండదు. అప్పుడు కడ్డీ చివర ఆనుకునే చోటుండదు. ప్రెజర్ ప్లేటు బోల్టులు చేతి బిగువులో పెట్టి, దాని మధ్యలో వేళ్లలా ఉండే స్ప్రింగ్ అంచుకీ ప్లేటు పళ్ల గుంటకీ మధ్య దూరాన్ని నాలుగు దిక్కులా వెర్నియర్‌తో కొలిచి, ప్లేటును స్క్రూడ్రైవర్‌తో కొంచెం కొంచెం జరిపి సమానం చేసుకోవాలి. ఓపిక పని, అంతే.

గైడు కడ్డీలు: తక్కువ శ్రమతో ఎక్కువ లాభం వీటిదే. ఇంజన్‌కు గేర్‌బాక్స్‌ను పట్టే బోల్టు ఒకటి విప్పి హార్డ్‌వేర్ అంగడికి తీసుకెళ్లి, అదే మరలున్న నాలుగంగుళాల బోల్టులు రెండు కొనండి. మన దగ్గర మామూలుగా దొరికే 10 ఎంఎం బోల్టు మర 1.5 పిచ్. జపాన్ డిజైన్ కార్లలో ఎక్కువగా 1.25 ఉంటుంది. నట్టు ఒకటి వేసి చూడకుండా కొంటే ఇంజన్ బ్లాకు మరలు పాడవుతాయి. తలలు హ్యాక్సాతో కోసి, కోసిన అంచు ఆకురాయితో నున్నగా చేసి, స్క్రూడ్రైవర్ పట్టేలా ఒక గాడి కోయండి. గేర్‌బాక్స్ ఎక్కించేటప్పుడు వీటిని ఎదురెదురు రంధ్రాల్లో పెడితే, బరువు కడ్డీల మీద పడి గేర్‌బాక్స్ తనంతట తానే వరసలో జరుగుతుంది.

ఫ్లైవీల్ లాకు: 25 మిల్లీమీటర్ల వెడల్పు, 5 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనుప పట్టీ నాలుగంగుళాలు చాలు. ఒక చివర బెల్ హౌసింగ్ (క్లచ్‌ను కప్పే గేర్‌బాక్స్ డొల్ల) బోల్టు పట్టే రంధ్రం, రెండో చివర ఫ్లైవీల్ అంచు చుట్టూ ఉండే రింగ్ గేరు పళ్ల మధ్య కూర్చునేలా ఆకురాయితో చేసిన మొన. విప్పేటప్పుడు ఒకవైపు, బిగించేటప్పుడు రెండోవైపు మార్చి పెట్టాలి. స్క్రూడ్రైవర్‌ను పళ్లలో గుచ్చి ఆపడం అందరూ చేసేదే, కానీ పన్ను చెక్క లేచిందంటే రేపు స్టార్టర్ గీరుకుంటుంది.

ఇంజన్ దూలం: గేర్‌బాక్స్ మౌంటింగ్ విప్పగానే ఇంజన్ ఆ వైపుకు ఒరుగుతుంది. రెండంగుళాల మందపాటి జీఐ పైపు ఐదడుగులది తీసుకుని ఇంజన్ మీదుగా అడ్డంగా పెట్టండి. చివరలు రెక్కల (ఫెండర్ల) రేకు మీద కాదు, లోపల షాక్ అబ్జార్బర్ టవర్ల మీద ఆనాలి, కింద పాత టైరు ముక్కలు వేయాలి. రెక్క మీద పెడితే సొట్ట ఖాయం. పైపులో రంధ్రం వేసి 12 ఎంఎం మర కడ్డీ దించి, కొక్కెం వెల్డింగ్ చేయించి, ఇంజన్ లిఫ్టింగ్ హుక్కుకు తగిలించండి. పై నట్టు తిప్పితే ఇంజన్ ఎత్తు మిల్లీమీటర్ల లెక్కన సర్దుకోవచ్చు. ఎక్కించేటప్పుడు దీని విలువ తెలుస్తుంది. నైలాన్ తాడు కడితే సాగుతుంది, వద్దు. కట్టడాలకు వాడే సరుగుడు కర్ర కొంతమంది పెడతారు. ఎండి చీలిక ఉన్నదైతే దాన్ని నమ్మకండి.

టార్క్ కాటా: బోల్టు బిగువు కొలిచే టార్క్ రెంచి లేకపోతే సంచులు తూచే వేలాడే కాటా చాలు. పానా చివర కాటా కొక్కెం తగిలించి, పానాకు సరిగ్గా లంబంగా లాగండి. కిలోల్ని మీటర్లతో, ఆ వచ్చినదాన్ని 9.8తో హెచ్చవేస్తే న్యూటన్ మీటర్లు. బోల్టు మధ్య నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో 9.5 కిలోలు లాగితే సుమారు 23. ప్రెజర్ ప్లేటు 8 ఎంఎం బోల్టులకు సాధారణంగా ఇదే కావాలి. అర మీటరు పైపుతో 17 కిలోలంటే 83. మారుతి చిన్న కార్ల చక్రాల నట్లకు చెప్పే 85కు దగ్గర. మీ మోడల్ అంకె మాన్యువల్‌లో చూసి ఆ లెక్కకు మార్చుకోండి.

దించడం

ముందు రాత్రి కింది బోల్టులన్నిటికీ తుప్పు వదిలించే స్ప్రే కొట్టండి. కిరోసిన్, ఇంజన్ ఆయిల్ చెరిసగం కలిపి రాసినా నానుతుంది. ఒక పెద్ద అట్టముక్క మీద గేర్‌బాక్స్ ఆకారం గీసుకుని, విప్పిన బోల్టును విప్పిన చోటే గుచ్చండి. వాటి పొడవులు ఒకటి కావు. పొట్టి రంధ్రంలో పొడవు బోల్టు తిప్పితే బ్లాకు పగులుతుంది.

1. బ్యాటరీ, దాని ట్రే, అడ్డముంటే ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీయండి. చిన్న మారుతి కార్లలో గేర్‌బాక్స్ ఎడమవైపు, వీటి కిందే ఉంటుంది.
2. క్లచ్ కేబుల్, స్పీడోమీటర్ కేబుల్, రివర్స్ స్విచ్ వైరు, ఎర్త్ వైరు విప్పి, ఒక్కోదాన్నీ ఫోటో తీసుకోండి. స్టార్టర్ మోటారు విప్పి తీగతో కట్టండి, దాని వైర్ల మీదే వేలాడనివ్వకండి.
3. గేర్ ఆయిల్ దించండి. ఆయిల్ నింపే నట్టు వదులవుతుందో లేదో దించకముందే చూసుకోవాలి. దించేసిన తర్వాత పైది రాలేదంటే బండి అక్కడే.
4. యాక్సిల్ షాఫ్టులు. చక్రం మధ్యలోని పెద్ద నట్టు విప్పనక్కర్లేదు. కింది బాల్‌జాయింట్‌ను పట్టే అడ్డ బోల్టు తీసి, లోయర్ ఆర్మ్‌ను పొడవాటి పైపుతో కిందికి వంచితే హబ్ బయటికి జరుగుతుంది. షాఫ్టు లోపలి కప్పు వెనక రెండు టైరు లివర్లు ఎదురెదురుగా పెట్టి ఒకేసారి తోయండి, టక్కున వస్తుంది. షాఫ్టునే పట్టి లాగితే లోపలి కీలు ఊడి బూటులో గ్రీజంతా బయటపడుతుంది. షాఫ్టులు తీసిన రంధ్రాలకు బట్ట చుట్టిన సీసా మూతలు బిగించండి.
5. గేర్ లింకేజీ, కింది కవర్ ప్లేటు విప్పాక, ఇంజన్ దూలం బిగించి, గేర్‌బాక్స్ కింద ట్రాలీ జాకీ పెట్టండి. జాకీ గిన్నె మీద అడుగు చదరపు ప్లైవుడ్ బిగించి, గేర్‌బాక్స్‌ను దానికి రాచెట్ బెల్టుతో కట్టండి. చిన్న కారు గేర్‌బాక్స్ ఇద్దరు ఎత్తగలిగేదే, కానీ వెల్లకిలా పడుకున్నవాడి మీదికి వస్తే ఎత్తేవాళ్లుండరు.
6. మౌంటింగ్, ఆఖరున బెల్ హౌసింగ్ బోల్టులు. గేర్‌బాక్స్‌ను వంచకుండా తిన్నగా పక్కకు లాగండి. సగం బయటికొచ్చాక విశ్రాంతి అంటూ వదిలేస్తే బరువంతా ఇన్‌పుట్ షాఫ్టు మీద, అక్కడినుంచి ప్లేటు నడుం మీద పడుతుంది. ఎక్కించేటప్పుడు ఇలా జరిగితే కొత్త ప్లేటు కొత్తగానే వంగిపోతుంది.

లోపల

బెల్ హౌసింగ్‌లో నల్లటి దుమ్ము ఉంటుంది. దాన్ని ఊదకండి, కంప్రెసర్ గాలి కొట్టకండి. పాత ప్లేట్లలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. తడిబట్టతో తుడిచి కవర్లో కట్టి పారేయండి, మాస్కు పెట్టుకోండి.

ఫ్లైవీల్ లాకు పెట్టి ప్రెజర్ ప్లేటు బోల్టుల్ని ఎదురెదురుగా అరచుట్టు అరచుట్టుగా వదులు చేయండి. ఒకటి పూర్తిగా విప్పి రెండోదానికి వెళితే కవర్ వంకర పోతుంది. ఆఖరి బోల్టుకు ప్లేటు కింద పడుతుంది, చెయ్యి పెట్టండి.

ఇప్పుడు కారణం వెతకాలి. ప్లేటు రివెట్ తలలు లైనింగ్ (ప్లేటు మీద రాపిడికి అరిగే పొర) పైతలం కంటే అర మిల్లీమీటరు కంటే తక్కువ లోతులో ఉంటే ఆయుష్షు అయిపోయినట్టే. లైనింగ్ ఇంకా మందంగా ఉండి, నూనె తడితో నిగనిగలాడుతుంటే లోపం ప్లేటుది కాదు. ఇంజన్ వెనక సీలో, గేర్‌బాక్స్ ఇన్‌పుట్ సీలో కారుతోంది. ఇంజన్ ఆయిల్ నల్లగా ఉంటుంది, గేర్ ఆయిల్ ఘాటు వాసన వేస్తుంది, అలా గుర్తుపట్టొచ్చు. సీలు మార్చకుండా కొత్త ప్లేటు వేస్తే కొన్ని నెలల్లో మళ్లీ ఇదే పని. ఫ్లైవీల్ మీద నీలం మచ్చలు, గోరుకు తగిలే గాళ్లు ఉంటే విప్పి లేత్ షాపులో సాపు చేయించండి. సన్నటి పగుళ్లు కొద్దిగా మచ్చల్లో కనిపిస్తే సాపుతో పోతాయి, రంధ్రాల దాకా పాకితే ఫ్లైవీలే మార్చాలి.

పైలట్ బేరింగ్‌ను వేలితో తిప్పితే గరగరమంటే మార్చండి. దాని పుల్లర్ కొననక్కర్లేదు. బేరింగ్ రంధ్రం నిండా గ్రీజు కూరి, ఆ రంధ్రంలో బిగుతుగా పట్టే గుండ్రటి కడ్డీ పెట్టి సుత్తితో కొట్టండి. గ్రీజు వెనక్కి చేరి బేరింగ్‌ను బయటికి తోస్తుంది. గ్రీజు పక్కనుంచి కారిపోతుంటే నానబెట్టిన న్యూస్‌పేపర్ ముద్ద కూరండి, అది కారదు. తర్వాత లోపలంతా శుభ్రంగా తుడవాలి.

రిలీజ్ బేరింగ్ ఎంత బాగున్నా కొత్తదే వేయండి. దానికోసం గేర్‌బాక్స్ మళ్లీ దించేంత ఓపిక ఎవరికీ ఉండదు. కొత్త ప్లేటును పాతదాని పక్కన పెట్టి వ్యాసం, పళ్ల లెక్క, మధ్య గుబ్బ ఎత్తు పోల్చండి. ఇన్‌పుట్ షాఫ్టు మీద చేత్తో తోస్తే జారాలి.

అమర్చడం

కొత్త ప్రెజర్ ప్లేటు మీద తుప్పు పట్టకుండా పూసిన నూనె ఉంటుంది. దాన్నీ, ఫ్లైవీల్ ముఖాన్నీ బ్రేక్ క్లీనర్‌తో తుడవండి. పెట్రోలు వాడకండి, కింద పడుకుని చేసే పనిలో ఒక్క నిప్పురవ్వ చాలు. లైనింగ్‌ను జిడ్డు చేతులతో ముట్టకండి.

ప్లేటు ఏ వైపుకన్నది తప్పితే అంతా వృథా. ఎక్కువ బండ్లలో స్ప్రింగులున్న ఎత్తైన గుబ్బ గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. కొన్నిటిమీద ఫ్లైవీల్ వైపు అని అచ్చు కూడా ఉంటుంది. తిరగేసి పెడితే గుబ్బ ఫ్లైవీల్ బోల్టులకు తగిలి క్లచ్ విడవదు. షాఫ్టు పళ్లకు వేడికి ఆగే గ్రీజు పలచగా పూసి, ప్లేటు రెండుసార్లు జార్చి తీసి, ఎక్కువైనది తుడిచేయండి. ఎక్కువ పూస్తే తిరిగే వేగానికి చిమ్మి లైనింగ్ మీద పడుతుంది.

కడ్డీ దూర్చి, ప్రెజర్ ప్లేటు బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగిస్తూ, ఆఖరున కాటాతో సరిచూడండి. బిగువు పూర్తయ్యాక కూడా కడ్డీ వేళ్లతో లాగితే రావాలి. పట్టుకుందంటే ప్లేటు మధ్యలో లేదు. వదులు చేసి మళ్లీ చేయండి.

బ్లాకు, బెల్ హౌసింగ్ మధ్య రెండు డోవెల్ పిన్నులు (రెంటినీ వరసలో నిలిపే గూటాలు) ఉండాలి. దించేటప్పుడు ఒకటి గేర్‌బాక్స్‌తో వెళ్లి, శుభ్రం చేసేటప్పుడు పడిపోవడం మామూలే. అది లేకుండా బిగిస్తే షాఫ్టు వంకరగా కూర్చుని, బండి కదిలేటప్పుడల్లా వణుకుతుంది.

రిలీజ్ బేరింగ్, దాన్ని తోసే ఫోర్కు మీంచి జారకుండా ఫోర్కును బయటినుంచి తీగతో వెనక్కి కట్టి, గైడు కడ్డీల మీదుగా గేర్‌బాక్స్ తోయండి. ఒక సెంటీమీటరు దూరంలో ఆగితే పళ్లు కలవలేదన్నమాట. గేర్‌బాక్స్ గేర్లో ఉంచి, ఇంకొకరు క్రాంక్ పుల్లీ బోల్టుకు పానా పెట్టి మెల్లగా తిప్పుతుంటే మీరు ఊపుతూ తోయండి. ఇంజన్ ఎత్తు కుదరకపోతే దూలం నట్టుతో సర్దండి. ఆ సందును బోల్టులు బిగించి మూయాలని చూడకండి. అల్యూమినియం చెవి విరగడమో, ప్లేటు గుబ్బ పగలడమో అప్పుడే జరుగుతుంది. చేతి తోపుడుకు ముఖాలు కలిశాకే బోల్టులు.

షాఫ్టులు పెట్టేటప్పుడు పళ్లు సీలు పెదవిని గీరకుండా తిన్నగా దూర్చండి. లోపలి కప్పును లాగి చూస్తే రాకూడదు. గేర్ ఆయిల్ 75డబ్ల్యూ-90, జీఎల్-4 రకం. చిన్న మారుతి గేర్‌బాక్స్‌కు రెండు లీటర్ల పైచిలుకు పడుతుంది. నింపే రంధ్రం అంచునుంచి కారడం మొదలైతే చాలు. జీఎల్-5 కొన్నిటిలో గేర్లు మెత్తగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగులను తినేస్తుంది.

పెడల్ ఆట సర్ది, బండి ఇంకా స్టాండ్ల మీదుండగానే ఇంజన్ ఆపి అన్ని గేర్లూ వేసి చూడండి. దించాక ఇంజన్ ఆన్ చేసి, పెడల్ పూర్తిగా నొక్కి మూడు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. కర్రుమంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదు, ముందు కేబుల్, తర్వాత ప్లేటు తిరగబడిందేమో అనుమానించాలి.

కొత్త ప్లేటుకు మొదటి 400–500 కిలోమీటర్లు చదును రోడ్లే మంచివి. రేణిగుంట, శ్రీకాళహస్తి వైపు తిప్పండి, కొండెక్కడం ఆ తర్వాత పెట్టుకోండి. అన్ని కిలోమీటర్లు అయ్యాక పెడల్ ఆట మరోసారి కొలిచి, మౌంటింగ్ బోల్టులు, చక్రాల నట్లు కాటా పెట్టి చూడండి. షాఫ్టు సీళ్ల దగ్గర వేలు పెట్టి నూనె చెమ్మ ఉందేమో కూడా అప్పుడే చూసుకోండి.